ఉత్తరాపథానికి సైకిలు యాత్ర: ఒక మనవి

'మజిలీ' అనే మాట అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా వచ్చి, బాటసారుల నోట నలిగి తెలుగు మాట అయినది. సవారీ, సరాయి, ముసాఫిరు వంటి మాటలూ అట్టివే. మన రెండు భాషలు ఇచ్చిపుచ్చుకొన్న మాటలలో ప్రయాణానికి సంబంధించినవి ఇన్ని ఉండుట యాదృచ్ఛికం కాదు. కలిసి నడచిన వారికే ఒకరి మాట మరొకరికి అబ్బుతుంది. ఆ రెండు భాషలనూ చదువుకొంటున్న మన కళాశాలలో ఈ సంవత్సరం ఒక ప్రయాణాన్ని గురించి వాదం చెలరేగినది. దానిపై నా అభిప్రాయం విన్నవించుకొనుటకే ఈ నాలుగు మాటలు.

విషయం పాఠకులకు తెలియనిది కాదు. మన విద్యార్థులు ఏడుగురు హిమాలయాలలో మనాలీ నుండి లడఖ్‌లోని లేహ్ నగరం వరకు సైకిళ్ళపై పోవుటకు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టుకొన్నారు. వారిలో ఇద్దరు బాలికలు. కళాశాల సంఘంలోని పెద్దలు దానిని త్రోసిపుచ్చలేదు, ఒప్పుకోనూ లేదు. "ఏదైనా జరిగితే బాధ్యులెవరు?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆ కాగితం నిలిచిపోయినది. విద్యార్థులేమో పెద్దలు పిరికివారని అనుకొంటున్నారు. పెద్దలేమో పిల్లలు దుడుకువారని అనుకొంటున్నారు. ఈ కళాశాలలోనే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి విరమించిన నాకు ఉభయులలోనూ సగం న్యాయం కనబడుతున్నది.

ముందుగా, ఇది మనవారికి అలవాటు లేని పని అనేవారికి ఒక సంగతి జ్ఞాపకం చేయవలసి ఉన్నది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీకి పోయి, తీర మార్గాన తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. మజిలీ మజిలీకి దూరాన్ని, నీటి వసతిని, దొరికే సరుకులను, మనుషుల నడవడిని వ్రాసి పెట్టినాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' నేటికీ మనకు విలువైన గ్రంథం. అయితే ఆయన వెంట నూరుమంది వరకు పరివారం ఉండిరి. ఆయన పల్లకీని బోయీలు మోసిరి. నల్లమల ఎక్కుడులో ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకొన్నదో ఆ బోయీలకు తెలిసినంతగా పల్లకీలోని వారికి తెలిసి ఉండదు. సైకిలు ఆ లోటును తీర్చిన వాహనం. దానిపై యజమానీ బోయీ ఒక్కడే. దారి ఎంత పొడవో కాళ్ళకు తెలిసిన పిమ్మటనే కంటికి తెలుస్తుంది.

సైకిలుపై మనదేశం వారు చేసిన సాహసాలూ తక్కువవి కావు. 1923 అక్టోబరు 15న బొంబాయి నుండి ఆరుగురు పారసీ యువకులు ప్రపంచ పర్యటనకు సైకిళ్ళపై బయలుదేరిరి. వారిలో అదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు 1928 మార్చిలో ఆ యాత్రను ముగించి తిరిగివచ్చిరి. ఇరాను ఎడారులు, సినాయి ఇసుక, ఆల్ప్స్ మంచు వారు దాటినవే. జనసంఖ్యలో మిక్కిలి చిన్నదైన ఒక సమాజం తన బిడ్డలను అంత దూరం పంపగలిగినది. 1963లో ఐర్లండు దేశపు డెర్వ్లా మర్ఫీ అనే 31 ఏండ్ల స్త్రీ ఒంటరిగా సైకిలుపై బయలుదేరి, ఇరాను, అఫ్ఘనిస్తాను, పాకిస్తానుల మీదుగా ఢిల్లీ చేరినది. గిల్గిత్ ప్రాంతపు మంచు కనుమలలో ఆమె సైకిలెక్కి పోయిన దూరంతో పాటు, సైకిలును మోసుకొని పోయిన దూరమూ ఉన్నది.

ఇక మన విద్యార్థులు కోరిన దారి ఎటువంటిది? మనాలీ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్లు. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. ఈ రెంటి నడుమ దారి 400 కిలోమీటర్లకు పైబడినది. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరచిన తరువాత రోహ్‌తాంగ్ కనుమ ఎక్కవలసిన అగత్యం తప్పినది. కాని బారాలాచా, నకీ, లాచులుంగ్, తంగ్లాంగ్ కనుమలు తప్పవు. చివరిదైన తంగ్లాంగ్ ఎత్తు 5,300 మీటర్ల పైమాట. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో ఇంచుమించు సగం. ఒంగోలులో మనం ఒక ఊపిరితో చేసే పనికి అక్కడ రెండు ఊపిరులు కావలెను. చెట్టు కనబడదు. పగలు ఎండ మాడ్చినా రాత్రి నీరు గడ్డకట్టవచ్చును. కొన్నిచోట్ల గుడారపు దుకాణం నుండి మరొక గుడారపు దుకాణానికి ఒక రోజు ప్రయాణం.

ఇదంతా విని భయపడవలసిన పనిలేదు, లెక్క వేసుకోవలసిన పని ఉన్నది. కొండజబ్బు కండబలాన్ని చూచి వదలిపెట్టదు. మంచి క్రీడాకారునికీ తలనొప్పి, వాంతి, ఆయాసం రావచ్చును. మూడువేల మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక పూర్తి దినం ఆగవలెననీ వైద్యులు చెప్పుదురు. జబ్బు ముదిరితే నమ్మదగిన చికిత్స వెంటనే క్రిందికి దిగుట. ఈ సూత్రాలలో సాహసం ఎక్కడా లేదు, ఓర్పు మాత్రమే ఉన్నది. అందుచేత 'ధైర్యముంటే చాలు' అనే విద్యార్థి మిత్రులతో నేను ఏకీభవించలేను.

తొందర, అహంకారం మనిషిని ఎక్కడికి చేర్చునో తెలుపుటకు భూమి ఉత్తరపు కొసన జరిగిన ఒక కథ ఉన్నది. కెనడాలో డాసన్ నగరం దాపున మొదలై ఉత్తరధ్రువ వలయాన్ని దాటి ఇనూవిక్ వరకు పోయే డెంప్‌స్టర్ రహదారి సుమారు 740 కిలోమీటర్ల కంకర బాట. అది 1979లో తెరువబడినది. అక్కడి నుండి సముద్రతీరం వరకు సాగిన క్రొత్త బాట 2017లో పూర్తి అయినది. దూర యాత్రికులైన సైకిలు వారికి అది పేరుమోసిన దారి. దక్షిణపు కొస నుండి మొదటి 369 కిలోమీటర్లలో ఒక్క అంగడి లేదు. ఎలుగుబంట్లకు వాసన తగులకుండ తిండి మూటకట్టుకొని, వేసవిలో అస్తమించని సూర్యుని క్రింద, దోమల నడుమ ఆ యాత్రికులు రోజులకొలది త్రొక్కుదురు.

ఆ దారికి ఆ పేరు వచ్చిన వైనమే నేను చెప్పదలచినది. 1910 డిసెంబరు 21న ఆ దేశపు ఆశ్వికదళ పోలీసు అధికారి ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ మరి ముగ్గురితో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుండి డాసన్‌కు కుక్కబండ్లపై బయలుదేరినాడు. త్వరగా చేరవలెనని తిండి సామగ్రి తగ్గించినాడు. దారిలో ఏసౌ జార్జ్ అనే స్థానిక గ్విచిన్ జాతీయుడు కొన్ని రోజులు దారి చూపినాడు. ఇక అక్కరలేదని అతనిని పంపివేసిరి. తరువాత వారికి మలుపు దొరకలేదు. రోజుల తరబడి వెదకి, కుక్కలను చంపి తిని, వెనుకకు మరలి, నలుగురూ ఆ మంచులోనే మరణించిరి. 1911 మార్చిలో వారి శవాలను కనుగొన్న డెంప్‌స్టర్ అనే పోలీసు ఉద్యోగి పేరే ఆ రహదారికి పెట్టిరి. ఆ నలుగురికీ ధైర్యం తక్కువా? బలం తక్కువా? రెండూ ఉన్నవి. లేనివి రెండే: మిగులు తిండి, ఆ నేల ఎరిగిన మనిషి.

పరాయి దేశపు కథ చెప్పి నా కథ దాచుకొనుట న్యాయం కాదు. 1984లో మేము ఐదుగురం విద్యార్థులం ఒంగోలు నుండి శ్రీశైలం వరకు సైకిళ్ళపై పోవుటకు అనుమతి అడిగినాము. నేడు వినబడిన ప్రశ్నే నాడూ వినబడినది: "బాధ్యులెవరు?" అనుమతి రాలేదు. ఇంటిలో ఒక మాట, హాస్టలులో ఒక మాట చెప్పి, డిసెంబరు సెలవులలో దొంగతనంగా బయలుదేరినాము. ఐదు సైకిళ్ళలో రెండు అద్దెకు తెచ్చినవి. చీమకుర్తి, పొదిలి దాటి మొదటి రాత్రి పలకల ఊరైన మార్కాపురంలో పడుకొన్నాము. రెండవనాడు దోర్నాల దాటి నల్లమల ఎక్కినాము. పోవునప్పుడు మేము వీరులమే. తిరుగు ప్రయాణంలో, ఒక పొడవైన దిగుడులో నా అద్దె సైకిలు బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము ఇనుమును రాచుకొన్నవి. కాళ్ళు నేలకు ఈడ్చి, చెప్పు తెగి, గట్టుకు కొట్టుకొని పడితిని. ముందు చక్రం వంగిపోయినది. మా వద్ద గాలి పంపు ఉన్నది గాని పానా లేదు. పంక్చరు సొల్యూషను ఉన్నది గాని మారు రబ్బర్లు లేవు. పొద్దు వాలిపోవుచున్నది.

మమ్ములను ఆదుకొన్నవాడు ఒక చెంచు వృద్ధుడు. మమ్ములను ఒక్క మాట నిందింపలేదు. చక్రాన్ని రెండు రాళ్ళ నడుమ నొక్కి తిరిగేటంతగా చక్కచేసినాడు. ఎండుకొమ్మ ఒకటి ఈడ్చుకొని వచ్చి క్యారియరుకు త్రాటితో కట్టినాడు. ఆ కొమ్మ నేలను రాచుకొంటూ బరువుగా వెనుక ఈడ్చబడుచుండగా బండి వేగం దానంతటదే తగ్గినది. ఆ కొమ్మే నా బ్రేకు. దోర్నాల చేరువరకు ఆయన మా ముందు నడిచినాడు. ఆ రాత్రి నాకు రెండు సంగతులు బోధపడినవి. అనుమతి నిరాకరించిన పెద్దల భయం అబద్ధం కాదు, మేము నిజంగానే సిద్ధపడలేదు. కాని వారి నిరాకరణ మమ్ములను ఆపలేదు. సిద్ధపడకుండ పోయేటట్లు మాత్రమే చేసినది. అనుమతి ఇచ్చి ఉంటే సైకిలు బాగుచేసే మనిషిని పిలిపించి చూపించేవారు, దారిలో ఎవరికైనా కబురు పెట్టేవారు, ఎన్నింటికి ఎక్కడ ఉండవలెనో వ్రాయించేవారు. నిషేధం బాధ్యతను తీసివేయలేదు. దానిని 19 ఏండ్ల పిల్లల నెత్తిన పడవేసినది.

సంఘంలోని పెద్దలకు నా మనవిలోని ముఖ్యాంశం ఇదే. "బాధ్యులెవరు?" అను ప్రశ్నకు "వద్దు" అనునది జవాబు కాదు. "మేమే, గనుక ఇట్లు సిద్ధం చేయుదుము" అనునది జవాబు.

మరొక మాట. పుస్తకాలలో మనం 'నిర్మానుష్యమైన అరణ్యం', 'జనశూన్యమైన మంచుభూమి' అని వ్రాస్తుంటాము. సైకిలుపై పోయినవాడు ఆ మాటలను మరల వాడలేడు. కారు అద్దంలో నుండి చూచినవానికి నల్లమల చెట్లు మాత్రమే. పెడలు త్రొక్కేవానికి అది చెంచుల ఇల్లు. లేహ్ దారిలోని మోరే మైదానం నాలుగువేల ఆరువందల మీటర్లకు పైని ఒట్టి బయలుగా కనబడుతుంది. కాని ఆ చాంగ్‌థాంగ్ ప్రాంతం పష్మీనా మేకలను మేపుకొనే చాంగ్‌పాల నేల. ఆ కనుమలపై తారు పోసి, విరిగిపడిన బండలు తొలగించే కూలీలలో ఝార్ఖండు వంటి దూర ప్రాంతాల నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. సైకిలు యాత్రికుడు దప్పికతో ఆగినప్పుడు నీళ్ళిచ్చేది వీరే. ఫిట్జెరాల్డ్ పంపివేసిన గ్విచిన్ మనిషి, మాకు దారి చూపిన చెంచు పెద్ద ఒకే పాఠానికి ఉపాధ్యాయులు. ఒకని పాఠం వినలేదు, మరొకని పాఠం విన్నాము. తేడా అంతే. తరగతిలో 'దేశమంటే ప్రజలు' అని మేము ఎన్నిసార్లు బోధించినా, ఆకలితో అలసటతో పరాయివాని గుమ్మం ముందు నిలిచిననాడు అది తలకెక్కినట్లుగా ఎక్కదు.

ఇక బాలికల విషయం. దరఖాస్తు నిలిచిపోవుటకు ఇదే అసలు కారణమని అందరికీ తెలుసు. ఎవరూ బహిరంగంగా అనుట లేదు. నేను అంటాను. మన పొరుగు రాష్ట్రంలోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకం తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పిరి. వేలకొలది గ్రామీణ స్త్రీలు, వారిలో ముస్లిం యువతులు కూడ, నేర్చుకొనిరి. ఎగతాళి చేసినవారు కొన్నాళ్ళు చేసి అలసిపోయిరి. సైకిళ్ళు మాత్రం ఆగలేదు. బీహారులో 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చుటతో వారి బడి చదువు సాగిన తీరు దేశమంతటికీ ఆదర్శమయినది. మన రాష్ట్రంలోనూ బడి బాలికలకు సైకిళ్ళు పంచిన సంవత్సరాలున్నవి. బడి వరకు పోవుటకు సైకిలిచ్చి, బడి దాటగానే దానిని మూలకు చేర్చుమనుట ఏమి న్యాయం? తల్లిదండ్రుల భయం గౌరవింపదగినదే. దానికి తోడు ఒక అధ్యాపకురాలు, వెనుక ఒక వాహనం, రాత్రి బసకు ముందుగా మాట్లాడిన చోటు ఏర్పాటు చేయవచ్చును. కాని ఆ ఏర్పాటు బాలురకూ అంతే అవసరం. చక్రం వంగిన వేళ నేనెంత మగవాడినో నాకు తెలుసు!

కనుక నేను కోరునది మూడు మెట్లుగా ఉన్నది. ఏడుగురినీ ఈ ఏడే హిమాలయాలకు పంపుమని నేను అడుగుట లేదు.

మొదటి మెట్టు మన గుమ్మం ముందే ఉన్నది. మిరప కోతలు మొదలుగాకముందు, చలి దినాలలో, ఒక ఆదివారం ఒంగోలు నుండి చీరాల దిక్కుగా పోయి రావలెను. దారిలో 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం ఉన్నది. సముద్రపు ఒడ్డున మోటుపల్లి ఉన్నది. కాకతి గణపతిదేవుడు 1244లో దూరదేశపు ఓడవర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. తుపానుకు చిక్కి ఒడ్డున పడిన బాటసారి సొత్తును దోచరాదని ఒక రాజు రాతిమీద చెక్కించిన చోట నిలబడితే, ప్రయాణికుని పట్ల నేల మీది మనిషి ధర్మమేమో విద్యార్థికి తెలుస్తుంది.

రెండవ మెట్టు నల్లమల. మూడు నాలుగు దినాల యాత్ర. అటవీశాఖ వారికి ముందుగా తెలిపి, పగటి వేళనే పోవలెను. అది పులుల అభయారణ్యం. రాత్రి రాకపోకలపై ఆంక్షలున్నవి. ఆ ఆంక్షలు మన మేలు కోసమే కాదు, ఆ మృగాల మేలు కోసం కూడ. ప్రతి విద్యార్థి తన చేతులతో ట్యూబు అతుకు వేయుట, చైను కలుపుట, వంగిన చక్రాన్ని పుల్లలు బిగించి సరిచేయుట నేర్చిన పిమ్మటనే బయలుదేరవలెను. ఊరి మూలమలుపులో పంక్చర్లు వేసే మేస్త్రీని ఒక నెల మన కళాశాలకు గురువుగా పిలుతము. డిగ్రీ లేని గురువు మన ప్రాంగణంలో పాఠం చెప్పుట కూడ ఒక చదువే.

ఈ రెండు మెట్లు ఎక్కినవారికే మూడవ మెట్టు, లేహ్ దారి. ఆ దారి చలికాలంలో మంచుతో మూతపడును, మంచు తొలగించిన పిమ్మటనే తెరచుకొనును. మన వేసవి సెలవులకు దానికి పొత్తు కుదరదు. సెప్టెంబరులో పంపుటకు పది పదిహేను దినాల హాజరు మినహాయింపు కావలెను. వైద్యుని ధ్రువపత్రం, కొండ ఎక్కుటకు ముందు మనాలీలో విశ్రాంతి, జబ్బుపడినవానిని వెంటనే దింపుటకు వాహనం, ఒక్కరు దిగవలసి వచ్చిన నాడు తోడు దిగే మనిషి, ఇవి షరతులుగా వ్రాయించండి. కనుమ ముందు వెనుదిరిగినవానిని ఓడినవానిగా చూడరాదన్నది మొదటి షరతు కావలెను. ఫిట్జెరాల్డ్ సకాలంలో వెనుదిరిగి ఉంటే ఆ నలుగురూ బ్రతికేవారేమో!

ఖర్చెక్కడిది అని అడుగవచ్చును. మొదటి రెండు మెట్లకు అయ్యేది స్వల్పం. పాత సైకిళ్ళు మన ఇండ్లలో తుప్పుపట్టి ఉన్నవి. మోటారు బండి వచ్చిన నాటి నుండి సైకిలు పేదవాని గుర్తు అయినది. విద్యార్థి దానిపై కళాశాలకు వచ్చుటకు సిగ్గుపడుచున్నాడు. పేరున్న అధ్యాపకుడు ఒకడు సైకిలుపై వచ్చిన దినాన ఆ సిగ్గు సగం పోవును. ఆ పని నేను చేయుటకు సిద్ధం. మోకాళ్ళు ఇంకా పనిచేయుచున్నవి.

విద్యార్థి మిత్రులారా! మీ దరఖాస్తును వెనుకకు తీసుకొనకండి. కాని దానికి మరి రెండు పుటలు చేర్చండి: దేనికెంత సిద్ధపడితిమి, ఏది తప్పితే ఏమి చేయుదుము అని. పెద్దలారా! ఆ పుటలు చూచి సంతకం చేయండి. నల్లమలలో ఆ చెంచు పెద్ద మమ్ములను "ఎందుకు వచ్చినారు?" అని అడుగలేదు. కొమ్మ తెచ్చి కట్టినాడు. కళాశాల తన బిడ్డలకు చేయవలసినదీ అంతే. బండి ఆపివేయరాదు, దిగుడులో అదుపు తప్పకుండ వెనుక ఒక కొమ్మ కట్టి పంపవలెను.